నాన్నగారికి చెవి మిషన్: పరీక్ష ఎక్కడ చేయించాలి, ఏ రకం తీసుకోవాలి

మా నాన్నగారి బీరువాలో 28,000 రూపాయల చెవి మిషన్ ఒకటి రెండేళ్లు డబ్బాలోనే ఉండిపోయింది. చెవి రంధ్రంలోకి పూర్తిగా దిగిపోయే చిన్న రకం అది, బయటికి కనబడదు కాబట్టి ఇంట్లో అందరికీ అదే నచ్చింది, ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు. పది రోజులు పెట్టుకుని "గోల తప్ప మాట వినబడట్లేదమ్మా" అని తీసి పక్కన పెట్టేశారు. 34 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, నలుగురిలో కూర్చోవడమే మానేస్తుంటే చూడలేక రెండోసారి మొదటినుంచీ సరిగ్గా వెతికాం. ఈసారి తీసుకున్నవి పొద్దున్న స్నానం అయ్యాక పెట్టుకుంటే మళ్లీ పడుకునేటప్పుడే తీస్తున్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం వస్తే మాలాగా తిప్పలు పడకూడదని, ఏది ఎవరికి సరిపోతుందో నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. మిషన్ కంపెనీ గురించి ఆలోచించే ముందు పరీక్ష చేసే మనిషిని ఎంచుకోండి. నా సలహాల్లో మొదటిది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు ఈఎన్‌టీ డాక్టరు

వినబడట్లేదు అనగానే మిషన్ షాపుకి వెళ్లకండి. ముందు ఈఎన్‌టీ డాక్టరు చెవిలోకి చూడాలి. గుబిలి గట్టిపడి అడ్డుపడినా, కర్ణభేరికి చిల్లు ఉన్నా, దాని వెనకాల నీరు చేరినా వినికిడి తగ్గుతుంది. వీటిలో చాలావాటికి మందో ఆపరేషనో ఉంటుంది, మిషన్‌తో పనే ఉండకపోవచ్చు. మా పెద్దమ్మకి గుబిలి తీయించగానే సగం ఇబ్బంది పోయింది. ఇంట్లో వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం, పిన్నీసుతో తిప్పడం మాత్రం వద్దు, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లకి ఆ నూనె తిన్నగా లోపలికి పోయి చీము పడుతుంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఒకట్రెండు రోజుల్లో ఒక చెవి ఉన్నట్టుండి వినబడటం మానేస్తే, జలుబు చేసిందేమో అని వారం ఆగకండి, ఆ రోజే వెళ్లండి. స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ, రెండు వారాలు దాటితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. రెండు చెవుల వినికిడిలో పెద్ద తేడా కనబడినా, ఒక్క చెవిలోనే హోరు ఉన్నా డాక్టరు ఎంఆర్‌ఐ రాయొచ్చు. వినికిడి నరం మీద గడ్డ ఏదీ లేదని తేల్చుకోవడానికే అది, కంగారు పడి మానేయకండి.

పరీక్ష ఎక్కడ

మాది కాకినాడ. మాలాంటి ఊళ్లలో దాదాపు నాలుగు దారులుంటాయి: ఈఎన్‌టీ ఆసుపత్రిలోనే కూర్చునే ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించి మిషన్ సెట్ చేసే నిపుణులు), సొంతంగా క్లినిక్ పెట్టుకున్న ఆడియాలజిస్ట్, కంపెనీ షోరూం లేదా కళ్లద్దాల షాపులో ఒక మూల పెట్టిన కౌంటర్, ప్రభుత్వ ఆసుపత్రి. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం ఐదో దారి, కానీ అందులో పరీక్షే ఉండదు కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. రెండు మూడు వేలకి "చెవి మిషన్" అని ఆన్‌లైన్‌లో దొరికేవి చాలావరకు అన్ని శబ్దాల్నీ ఒకే మోతాదులో పెంచేస్తాయి. మనిషికి ఎక్కడ తక్కువ వినబడుతుందో అక్కడే పెంచే సంగతి వాటికి తెలియదు.

మేం మొదటిసారి వెళ్లింది షాపులో మూల కౌంటర్‌కి. పరీక్ష ఉచితం అన్నారు. బయట స్కూటర్ల హారన్లు వినబడుతున్న గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, పది నిమిషాల్లో కాగితం మీద గీత గీసి, వెంటనే మిషన్ల రేట్లు చెప్పారు. మర్యాదగానే మాట్లాడారు, కానీ ఆ పరీక్షకి సగం భాగాలు లేవని నాకు అప్పుడు తెలియదు.

పూర్తి పరీక్ష అంటే బయటి చప్పుడు రాని గదిలో జరగాలి. హెడ్‌ఫోన్‌లో 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా, అంటే మంద్రం నుంచి కీచు దాకా ఒక్కో స్వరం వినిపిస్తూ, ఎంత సన్నగా ఉన్నా వినబడిందో చూస్తారు. ఆ తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం పెట్టి అదే పరీక్ష మళ్లీ చేస్తారు. ఈ రెండింటినీ పోల్చి చూస్తేనే లోపం శబ్దం వెళ్లే దారిలో ఉందా, లోపలి నరం వైపు ఉందా అన్నది తెలుస్తుంది. ఎముక పరీక్ష చేయకుండా మిషన్ అమ్మేవాళ్ల దగ్గరినుంచి లేచి వచ్చేయండి, ఇందులో నాకు మొహమాటం లేదు. కర్ణభేరి కదలికను చూసే ఇంపెడెన్స్ పరీక్ష ఒకటి, మాటల పరీక్ష ఒకటి కూడా ఉంటాయి. అంతా కలిపి ముప్పావు గంట పట్టొచ్చు, ప్రైవేటులో కొన్ని వందల నుంచి వెయ్యి, పదిహేను వందల దాకా తీసుకుంటారు. ఈ డబ్బుకి వెనకాడకండి, రిపోర్టు మీ చేతికి వస్తుంది, దాన్ని పట్టుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు.

మాటల పరీక్ష తెలుగులోనే చేయమని అడగండి. హైదరాబాద్‌లో, బెంగళూరులో, చెన్నైలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి పరీక్ష చేయించుకునే పెద్దవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. రాని భాషలో మాటలు చెప్పి తిరిగి చెప్పమంటే చెవిని కాకుండా భాషను పరీక్షించినట్టవుతుంది. మా నాన్నగారికి రెండోసారి పరీక్ష చేసిన అమ్మాయి "మేస్టారూ, నేను చెప్పిన మాట మీరు తిరిగి చెప్పండి, తప్పయినా పర్లేదు" అని ఒక్కో మాటా చెబుతుంటే ఆయన "పాలు"ని "కాలు" అన్నారు, "కత్తి"ని "సుత్తి" అన్నారు. ఇంట్లో మేం రోజూ చూస్తున్నదీ అదే. ప, క, త, స లాంటి హల్లుల్ని విడదీసి గుర్తుపట్టడానికి కావలసిన శబ్దం సన్నగా ఉండి, ఎక్కువ భాగం కీచు వైపు ఉంటుంది, అచ్చులు బిగ్గరగా ఉండి మంద్రం వైపు ఉంటాయి. వయసుతో ముందు పోయేది కీచు వైపు వినికిడే. అందుకే మనం అరిచినా వాళ్లకి చప్పుడు వినబడుతుంది, మాట అర్థం కాదు. "వినబడుతోంది గానీ తెలియట్లేదు" అని పెద్దవాళ్లు అంటే అది చాదస్తం కాదు, సరిగ్గా జరుగుతున్నదే చెబుతున్నారు.

చేతికి వచ్చే కాగితంలో ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవివి, గీత కిందికి దిగేకొద్దీ వినికిడి తక్కువని అర్థం. మామూలుగా వాడే లెక్కలో 26 నుంచి 40 డెసిబెల్స్ అంటే కొద్దిపాటి లోపం, 41 నుంచి 55 మధ్యస్థం, 56 నుంచి 70 కాస్త తీవ్రం, 71 నుంచి 90 తీవ్రం, ఆపైన అతి తీవ్రం. మా నాన్నగారికి మంద్రం వైపు 30 దగ్గర ఉన్న గీత, కీచు వైపు 70కి జారిపోయింది.

ఇక ఆ మనిషి ఎవరు అన్నది. మన దేశంలో ఆడియాలజిస్టులు 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, అందరికీ ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఈ రంగంలో డిగ్రీ అయిన బీఏఎస్‌ఎల్‌పీ గానీ ఆ పైన పీజీ గానీ చదివి ఉంటారు. నంబరు అడగడం తప్పేం కాదు, నిజంగా చదువుకున్నవాళ్లు గోడ మీదే పెట్టుకుంటారు. ఒకే కంపెనీ మిషన్లు కాకుండా రెండు మూడు కంపెనీలవి పెట్టి చూపించే క్లినిక్ అయితే నేను దానికే ఓటు వేస్తాను. ఫోనాక్, ఆటికాన్, సిగ్నియా, వైడెక్స్, రీసౌండ్, స్టార్కీ, వీటిలో ఏదీ చెడ్డ కంపెనీ కాదు, ఒకే స్థాయి మోడళ్ల మధ్య తేడా కంటే సెట్ చేసే మనిషి పనితనంలో తేడా ఎక్కువ.

ఏ రకం మిషన్

జేబులో పెట్టుకుని వైరుతో చెవికి తగిలించుకునే పాత రకాన్ని ఇప్పుడు చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, మంచం మీదే ఉండే పెద్దవాళ్లకి, చేతులు బాగా వణికేవాళ్లకి పెద్ద బటన్లున్న ఆ మిషన్ నిజంగా పనికొస్తుంది. ధర కూడా కొద్ది వేలే. చొక్కా రాపిడి చప్పుడు వినబడటం దాని లోపం.

చెవి వెనక కూర్చునే బీటీఈ రకం, చెవి అచ్చు తీసి చేసిన మోల్డ్‌తో వస్తుంది. తీవ్రమైన, అతి తీవ్రమైన లోపం ఉన్నవాళ్లకి, పిల్లలకి ఇదే సరైనది. చెవి కారే అలవాటున్నవాళ్లకి కూడా గాలి ఆడే రంధ్రం పెట్టిన మోల్డ్‌తో ఇదే మేలు, చెవిలోకి దూరే చిన్న రకాలు చీముకి పాడైపోతాయి. పెద్దగా ఉంటుంది కాబట్టి పట్టుకోవడం తేలిక, మన్నిక ఎక్కువ. పిల్లలకైతే చెవి పెరిగేకొద్దీ మోల్డ్ మార్చాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో పెట్టుకోండి.

ఆర్‌ఐసీ అంటే కూడా చెవి వెనక కూర్చునేదే, కానీ చిన్నగా ఉండి, సన్నటి తీగ చివర స్పీకరు చెవిలోకి వెళుతుంది. ఆ స్పీకరుకి గొడుగు లాంటి మెత్తటి రబ్బరు తొడుగు, దానికి చిల్లులు. మా నాన్నగారికి ఇదే కుదిరింది, ఎందుకో చెబితే మొదటి మిషన్ ఎందుకు బీరువాలోకి వెళ్లిందో కూడా అర్థమవుతుంది. ఆయనకి మంద్రం వైపు వినికిడి దాదాపు బాగానే ఉంది. అలాంటి చెవిని లోపలికి దూరే మిషన్‌తో బిరడా పెట్టినట్టు మూసేస్తే, తన గొంతు తనకే బావిలో మాట్లాడినట్టు మోగుతుంది, నమిలే చప్పుడు తలంతా నిండిపోతుంది. చిల్లుల రబ్బరు పెడితే మంద్ర స్వరాలు మామూలుగా వచ్చిపోతాయి, పోయిన కీచు వైపు మాత్రమే మిషన్ పెంచుతుంది. వయసుతో వచ్చే చెవుడు చాలావరకు ఇలా జారిపోయే గీతే కాబట్టి, ఎక్కువమంది పెద్దవాళ్లకి నేను ముందు చూడమనేది ఆర్‌ఐసీనే. దానికీ ఒక బాధ ఉంది, స్పీకరు చెవి లోపల ఉంటుంది కాబట్టి గుబిలి, చెమట చేరి మూగబోతుంది. గుబిలి ఆపే చిన్న జల్లెడ లాంటిది మార్చుకుంటూ ఉండాలి, స్పీకరు పోతే విడిగా మార్చొచ్చు.

సీఐసీ, అంటే మేం మొదట కొన్న కనబడని రకం. కొద్దిపాటి నుంచి మధ్యస్థ లోపం ఉండి, చెవి పొడిగా ఉండి, వేళ్లు చురుగ్గా ఉండి, ఉద్యోగంలో కనబడకూడదని గట్టిగా అనుకునేవాళ్లకి సరే. 75 ఏళ్ల మనిషి వేళ్లతో శనగ గింజంత బ్యాటరీని అయిదు రోజులకోసారి మార్చడం ఎంత కష్టమో కొనేముందు ఆయన చేతే చేయించి చూడాల్సింది. మీరు తప్పకుండా చేయించండి. ఏ రకమైనా సరే, క్లినిక్‌లో కూర్చుని ఆ పెద్దమనిషే సొంతంగా మూడుసార్లు పెట్టుకుని తీయగలిగితేనే డబ్బు కట్టండి.

బ్యాటరీయా, చార్జింగా

రంగు స్టిక్కర్ తీయగానే గాలి తగిలి పనిచేసే బ్యాటరీలు ఇవి. పసుపు స్టిక్కర్ 10, గోధుమ రంగు 312, నారింజ 13, నీలం 675. 312 రకం వారం దాకా వస్తుంది, 13 రకం వారం దాటి వస్తుంది, స్టిక్కర్ ఒకసారి తీశాక మళ్లీ అంటించినా లాభం లేదు. చార్జింగ్ రకాలు రాత్రి పెట్టెలో పెడితే మర్నాడంతా వస్తాయి. వేళ్లు సహకరించనివాళ్లకి, చూపు తగ్గినవాళ్లకి చార్జింగే. కరెంటు నమ్మకం లేని ఊరైతే, లేదా తీర్థయాత్రలకి తరచూ వెళ్లేవాళ్లయితే బ్యాటరీ రకం. చార్జింగ్ మిషన్‌లో లోపలి బ్యాటరీ కొన్నేళ్లకి నీరసిస్తుంది, అప్పుడు మార్చడానికి ఎంతవుతుందో కొనేటప్పుడే కాగితం మీద రాయించుకోండి.

ఒకటా, రెండా అని అందరూ అడుగుతారు. రెండు చెవులకీ లోపం ఉంటే రెండూ తీసుకోండి. శబ్దం ఏ వైపునుంచి వస్తోందో తెలియడానికి, పెళ్లి భోజనాల లాంటి గోలలో మాట పట్టుకోవడానికి మెదడుకి రెండు చెవులూ కావాలి. డబ్బు సరిపోకపోతే ఒక ఖరీదైనదాని కంటే రెండు మధ్యరకానివి మేలని నా అభిప్రాయం.

ధరలు, అమెరికా నుంచి తెప్పించుకోవడం

ఒక్క మిషన్‌కి చూస్తే మొదటి స్థాయి డిజిటల్ బీటీఈలు పది నుంచి ఇరవై వేల మధ్య, మధ్యరకం పాతిక నుంచి అరవై వేల దాకా, పైరకం లక్ష దాటి రెండు మూడు లక్షల దాకా కూడా ఉన్నాయి. హియరింగ్ ఎయిడ్స్ మీద జీఎస్టీ లేదు, బిల్లులో ఆ పేరుతో కలిపితే అడగండి. పెరిగే ధరకి వచ్చేవి ఎక్కువగా గోలలో మాటను వేరుచేసే శక్తి, ఎదుటివైపు శబ్దాన్ని మాత్రమే పట్టుకునే మైకులు, బ్లూటూత్. ఇంట్లో, వీధి అరుగు మీద, గుడిలో గడిపేవాళ్లకి మధ్యరకం చాలు. ఇంకా ఉద్యోగం చేస్తూ మీటింగుల్లో కూర్చునేవాళ్లు, వ్యాపారం చేసేవాళ్లు పైరకం పెట్టి చూడొచ్చు. బ్లూటూత్ కావాలనుకుంటే మీ ఫోన్ తీసుకెళ్లి అక్కడే కలిపి మాట్లాడి చూడండి, అన్ని మిషన్లూ అన్ని ఫోన్లతో ఒకేలా కలవవు. ఎంఆర్‌పీ మీద సగం తగ్గింపు అంటే పొంగిపోకుండా అదే మోడల్ పేరు చెప్పి ఇంకో రెండు చోట్ల అడగండి.

డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు "నేనే ఇక్కడ కొని పంపిస్తా అక్కా" అన్నాడు. అక్కడ 2022 అక్టోబర్ నుంచి డాక్టరు చీటీ లేకుండానే కొన్ని మిషన్లు షాపుల్లో అమ్ముతున్నారు, కానీ అవి 18 ఏళ్లు దాటి, కొద్దిపాటి నుంచి మధ్యస్థ లోపం ఉన్నవాళ్ల కోసమే. నాన్నగారి గీతకి అవి చాలవు. ఆడియాలజిస్ట్ దగ్గర కొన్నా ఇంకో చిక్కు ఉంది: అక్కడి కొన్ని పెద్ద స్టోర్లు అమ్మే మిషన్లు వాళ్ల దగ్గర తప్ప బయట సెట్ చేయడానికి వీలుకాకుండా తాళం వేసి ఉంటాయి, కాకినాడలో వాటిని ఎవరూ తెరవలేరు. గ్యారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో అన్న టెన్షన్ సరేసరి. అమెరికాలోనే ఉండే తల్లిదండ్రులకి అక్కడే కొనండి, ఇక్కడ ఉండేవాళ్లకి ఇక్కడే. తమ్ముడు పంపాలనుకున్న డబ్బుతోనే ఇక్కడ రెండూ కొన్నాం.

డబ్బు లేకపోతే ఆగిపోవాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖలో పెదవాల్తేరు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం ఉండి, ఆదాయం పరిమితిలోపు ఉంటే కేంద్ర ప్రభుత్వం వికలాంగులకి పరికరాలిచ్చే ఏడీఐపీ పథకం కింద మిషన్ ఇస్తారు. 60 ఏళ్లు దాటిన పేదవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, 2017 ఏప్రిల్ 1న అది మొదలైందే మన నెల్లూరులో. శిబిరాల్లో ఇచ్చే మిషన్‌ను అలాగే పెట్టేసుకోకుండా దగ్గర్లోని ఆడియాలజిస్ట్ దగ్గర మీ రిపోర్టుకి తగ్గట్టు సెట్ చేయించగలరేమో అడగండి.

పెట్టుకున్నాక

మొదటి రోజు ఫ్యాను, గిన్నెలు, కవరు నలిపిన చప్పుడు, అన్నీ భయంకరంగా వినబడతాయి. ఏళ్లుగా వినని శబ్దాలు మెదడుకి మళ్లీ అలవాటు కావడానికి వారాలు పడుతుంది. మొదట ఇంట్లో రెండు మూడు గంటలు, ఆ తర్వాత వీధి, ఆ తర్వాత నలుగురున్న చోటు. ఒక్కసారి సెట్ చేసి పంపేస్తే సరిపోదు, నెలలో రెండు మూడుసార్లయినా పిలిచి మార్చాలి, ఆ సందర్శనలు ధరలో ఉన్నాయో లేదో ముందే అడగండి. చెవిలో సన్నటి గొట్టం పెట్టి కర్ణభేరి దగ్గర శబ్దం నిజంగా ఎంత చేరుతోందో కొలిచే పరీక్ష చేసేవాళ్లు దొరికితే వదలకండి, అంచనాతో సెట్ చేయడానికీ కొలిచి సెట్ చేయడానికీ చాలా తేడా ఉంది. వారం పదిరోజులు ఇంటికి ట్రయల్ ఇస్తే ఇంకా మంచిది.

మాది సముద్రం ఒడ్డు ఊరు, ఉక్కపోత. రాత్రిపూట తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టకపోతే మిషన్ ఆరు నెలల్లో గరగరమంటుంది. చార్జింగ్ రకానికి ఆరబెట్టే సదుపాయం ఉన్న పెట్టె దొరుకుతుందేమో అడగండి.

ఇప్పటి మిషన్లు రోజుకి ఎన్ని గంటలు పెట్టుకున్నారో తమలోనే రాసుకుంటాయి, ఆడియాలజిస్ట్ కంప్యూటర్‌కి తగిలించగానే కనబడుతుంది. మొదటి తిరుగు సందర్శనలో నాన్నగారిది సగటున 3 గంటలు చూపించింది. ఎందుకు తీసేస్తున్నారు అని ఆ అమ్మాయి అడిగితే, వంటింట్లో స్టీలు గిన్నెల చప్పుడు గుచ్చుకుంటోందని ఆయన అప్పుడు చెప్పారు, మాకెప్పుడూ చెప్పలేదు. ఉన్నట్టుండి వచ్చే చప్పుళ్లను తగ్గించే సెట్టింగ్ మార్చింది. నెల తర్వాత 11 గంటలు. మీరు వెళ్లినప్పుడు ఆ అంకె చూపించమని అడగండి, అది తక్కువగా ఉంటే కారణం తెలిసేదాకా అక్కడే కూర్చోండి.